సంగీతం, రచన.. యూనివర్సిటీలో రెండూ ఒకేసారి చదవొచ్చా? విస్సన్నపేట విద్యార్థికి ఉన్న దారులేంటి?

ఇంటర్ అయిపోయింది. పాడటం వచ్చు. రాయడం మీద కూడా ఇష్టం ఉంది. ఒకటి వదులుకుని ఇంకొకటి చదవడం మీకు ఇష్టం లేదు. అలాంటప్పుడు ఏ కోర్సులో చేరాలి?

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండేవారికి ఇదంత కష్టమైన ప్రశ్న కాకపోవచ్చు. ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేట లాంటి చోట, నూజివీడు మామిడి తోటల మధ్య ఉండే కుటుంబానికి మాత్రం దీని వెనుక చాలా లెక్కలు ఉంటాయి. కాలేజీ ఎంత దూరం, రెండు ఫీజులు ఎలా కట్టాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, చివరికి చేతికొచ్చే సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికొస్తుందా అన్నవి తేలాలి.

ముందు సూటిగా సమాధానం చెప్పుకుందాం. 'సంగీతం - సృజనాత్మక రచన' అనే ఒకే డిగ్రీ మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో దొరకదు. కానీ 2022 నుంచి అమల్లో ఉన్న యూజీసీ నిబంధనల ప్రకారం రెండు వేర్వేరు కోర్సులను ఒకేసారి చదువుకోవచ్చు. అంటే ఆ డిగ్రీని మీరే రెండు ముక్కలుగా కూర్చుకోవాలి. ఏ ముక్కను రెగ్యులర్‌గా చదవాలి, దేన్ని దూరవిద్యలో చదవాలి అన్న దగ్గరే లాభనష్టాలు తేలిపోతాయి.

రెండు శాఖలుగా ఎందుకు విడిపోయాయి?

పాటను తానే రాసి, తానే బాణీ కట్టేవారికి తెలుగులో ఒక పేరుంది. వాగ్గేయకారుడు. తాళ్లపాక అన్నమయ్య, కృష్ణా జిల్లా మొవ్వకు చెందిన క్షేత్రయ్య ఆ కోవలోని వారే. వాళ్ల కాలంలో సాహిత్యం, సంగీతం వేర్వేరు చదువులు కావు.

ఆధునిక విద్యాసంస్థలు వచ్చిన తొలి రోజుల్లోనూ ఆ బంధం కొనసాగింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి తొలి ప్రిన్సిపల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన గాయకుడు, కవి, బహుభాషావేత్త. తన కథలు తానే రాసుకుని తానే పాడేవారు. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకున్నది ఆ కళాశాలలోనే.

విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపల్‌గా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా స్వయంగా వందల కృతులు రచించిన వాగ్గేయకారుడు. ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్న బాలాంత్రపు రజనీకాంతరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎంఏ చదివారు. పాటలు రాశారు, బాణీలు కట్టారు. ఆయన రాసిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మరి ఇప్పుడెందుకు రెండూ ఒకచోట దొరకడం లేదు? పాలనా ఏర్పాటే ఇందుకు ముఖ్య కారణం. ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలు సాంస్కృతిక శాఖ కింద నడుస్తాయి. డిగ్రీ కాలేజీలు ఉన్నత విద్యాశాఖ కింద ఉంటాయి. ఒకచోట సర్టిఫికెట్, డిప్లొమా ఇస్తారు. ఇంకోచోట సెమిస్టర్లు, క్రెడిట్లు, డిగ్రీ పట్టా ఉంటాయి. రెండింటి క్యాలెండర్ వేరు, పరీక్షలు వేరు, ప్రవేశాల పద్ధతి వేరు. ఈ రెండు శాఖల మధ్య విద్యార్థి తన దారి తానే వెతుక్కోవాలి.

రెండు కోర్సుల రూల్ ఏం చెబుతోంది?

2022 ఏప్రిల్‌లో యూజీసీ విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మూడు పద్ధతుల్లో రెండు కోర్సులు ఒకేసారి చదవొచ్చు.

మొదటిది: రెండూ రెగ్యులర్ కోర్సులే. అయితే ఒకదాని తరగతుల వేళలు ఇంకోదాని వేళలతో కలవకూడదు.

రెండోది: ఒకటి రెగ్యులర్, ఇంకొకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్.

మూడోది: రెండూ దూరవిద్య లేదా ఆన్‌లైన్.

పీహెచ్‌డీకి ఈ వెసులుబాటు లేదు. దూరవిద్య కోర్సు అయితే దాన్ని నడిపే సంస్థకు గుర్తింపు ఉండాలి. ఈ మార్గదర్శకాలను ఎలా అమలు చేయాలన్నది ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తన పాలక మండళ్ల ద్వారా నిర్ణయించుకోవచ్చు. కాబట్టి 'యూజీసీ ఒప్పుకుంది కదా' అని ఫీజు కట్టేయకండి. మీరు చేరబోయే కాలేజీ, అది అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం ఏమంటున్నాయో ముందు అడగండి.

ఇక్కడే ఒక చిన్న చిక్కు వస్తుంది. రూల్ రెండు కోర్సులకు ఒప్పుకున్నా మీ దగ్గర ఉండే టీసీ ఒక్కటే. రెగ్యులర్ కాలేజీలు ప్రవేశ సమయంలో ఒరిజినల్ టీసీ, మార్కుల మెమోలు తీసుకుంటాయి. రెండో సంస్థ కూడా ఒరిజినల్స్ అడిగితే, అవి తమ దగ్గర ఉన్నాయని మొదటి కాలేజీ నుంచి కస్టోడియన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానితో సరిపెట్టుకుంటారో లేదో రెండోచోట ముందే కనుక్కోండి. చేరాక తెలిస్తే ఇబ్బంది మీదే.

డిగ్రీలోనే మేజర్, మైనర్‌గా తీసుకోలేమా?

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీ నిర్మాణం మారింది. అంతకుముందు మూడు సబ్జెక్టులను సమానంగా చదివేవారు. ఆ ఏడాది నుంచి ఒక మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ అన్న పద్ధతి వచ్చింది. కాగితం మీద చూస్తే తెలుగు మేజర్‌గా, సంగీతం మైనర్‌గా తీసుకోవడానికి ఇది సరిపోయే ఏర్పాటే.

కానీ మైనర్‌గా తీసుకోవాలంటే ఆ సబ్జెక్టు మీ కాలేజీలో ఉండాలి. చెప్పే అధ్యాపకులు ఉండాలి. మండల కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల్లో ఎక్కువగా కనిపించేవి కామర్స్, కంప్యూటర్స్, సైన్స్ కోర్సులే. సంగీతానికి విభాగం ఉన్న డిగ్రీ కాలేజీలు చాలా తక్కువ. తెలుగు ఉన్నచోట కూడా పాఠాలు ప్రధానంగా సాహిత్య చరిత్ర, వ్యాకరణం, ఛందస్సు, విమర్శ చుట్టూ తిరుగుతాయి. విద్యార్థి రాసిన కథనో పాటనో వారం వారం దిద్దుతూ నడిచే తరగతులు అరుదు.

అందుకే ఓఏఎండీసీ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడకండి. ఆ ఏడాది అక్కడ ఏ మేజర్లు నడుస్తున్నాయో, ఏ మైనర్లకు సిబ్బంది ఉన్నారో ఫోన్ చేసి అడగండి. డిగ్రీ నిబంధనలు ఏటా కొద్దో గొప్పో మారుతున్నాయి కాబట్టి, సీనియర్ల అనుభవం కంటే తాజా నోటిఫికేషనే ప్రమాణం.

క్రెడిట్ల రూపంలో ఇంకో చిన్న దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలో చదివిన కోర్సుల క్రెడిట్లను, కాలేజీ ఒప్పుకుంటే, సెమిస్టర్‌లో 40 శాతం వరకు డిగ్రీలో కలుపుకునేందుకు యూజీసీ నిబంధనలు వీలిస్తున్నాయి. కర్ణాటక సంగీతాన్ని ఎలా వినాలో, ఆస్వాదించాలో చెప్పే కోర్సును ఐఐటీ మద్రాస్ ఎన్‌పీటెల్ ద్వారా అందించింది. అయితే పాడటం నేర్పే కోర్సుకూ, సంగీతం గురించి చెప్పే కోర్సుకూ తేడా ఉంది. సాధన గురువు దగ్గరే చేయాలి.

విస్సన్నపేట నుంచి ఆచరణలో ఏది కుదురుతుంది?

విస్సన్నపేటలో ఇంటర్ పూర్తయిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆమె ముందు మూడు దారులు ఉన్నాయి.

దారి 1: దగ్గర్లో డిగ్రీ, విజయవాడలో సంగీతం. విజయవాడలోని ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో సర్టిఫికెట్, ఆపై డిప్లొమా కోర్సులు ఉన్నాయి. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఫీజు పెద్ద భారం కాదు. భారమల్లా ప్రయాణమే. విస్సన్నపేట నుంచి విజయవాడకు బస్సులో వెళ్లి రావాలంటే రోజూ మూడు నాలుగు గంటలు పోతాయి. నూజివీడులోనో తిరువూరులోనో పగలంతా డిగ్రీ తరగతులకు వెళ్లి, సాయంత్రం విజయవాడ చేరుకోవడం అయ్యే పని కాదు. ఈ దారిలో వెళ్లాలంటే డిగ్రీ కూడా విజయవాడలోనే చేరి హాస్టల్‌లో ఉండాలి. అప్పుడు సంగీత కళాశాలలో ఏ వేళ బ్యాచ్ దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. డిగ్రీ కాలేజీ టైమ్‌టేబుల్ చేతిలో పెట్టుకునే ఆ మాట అడగాలి.

దారి 2: దగ్గర్లో రెగ్యులర్ డిగ్రీ, దూరవిద్యలో రెండోది. విస్సన్నపేట నుంచి ఎక్కువ మందికి కుదిరేది ఇదే. తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్య కేంద్రం చాలా ఏళ్లుగా లలిత సంగీతంలో డిప్లొమా, సినిమా రచనలో డిప్లొమా నడుపుతూ వచ్చింది. ఒకే గొడుగు కింద పాట, రచన రెండూ కనిపించే చోటు తెలుగునాట ఇదొక్కటే అనుకోవచ్చు. ఇంగ్లిష్‌లో రాయాలనుకునేవారికి ఇగ్నోలో సృజనాత్మక రచన డిప్లొమా ఉంది. అదే ఇగ్నోలో కర్ణాటక సంగీతంలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ఇగ్నోకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి, ప్రాక్టికల్స్ ఎక్కడ జరుగుతాయో అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

దారి 3: సంగీతమే డిగ్రీగా చదవడం. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. అమ్మాయిలకు తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం, లలితకళల విభాగం ఉంది. ఇక్కడ రచనను రెండో కోర్సుగా దూరవిద్యలో చదవాలి. ఇల్లు వదిలి దూరం వెళ్లాలి, హాస్టల్ ఖర్చు పెరుగుతుంది. కానీ సంగీతంలో ఉద్యోగం లక్ష్యమైతే మూడింటిలో గట్టి పునాది ఇదే.

తెలుగు విశ్వవిద్యాలయం సంగతి ఇప్పుడు ప్రత్యేకంగా ఎందుకు చూడాలి?

1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయంలో అప్పటి సాహిత్య, సంగీత, నాటక, లలితకళా అకాడమీల పనులన్నీ కలిపేశారు. భాష, సాహిత్యం, సంగీతం, నాట్యం ఒకేచోట ఉండాలన్నది ఆ ఆలోచన. సినిమా పాటల రచయిత సి.నారాయణరెడ్డి ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు.

రాష్ట్ర విభజన చట్టంలోని పదో షెడ్యూల్ కింద ఇది రెండు రాష్ట్రాలకూ సేవలు అందిస్తూ వచ్చింది. పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో బిల్లు ఆమోదించింది. రాజమహేంద్రవరంలోని సాహిత్య పీఠం, కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం, శ్రీశైలం ప్రాంగణం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

మీకు దీనితో పనేంటంటే, పాత బ్రోచర్లు, పాత యూట్యూబ్ వీడియోలు చూసి దరఖాస్తు చేయకూడదు. మీరు చేరే కోర్సును ఇప్పుడు ఏ పేరున్న విశ్వవిద్యాలయం నడుపుతోంది, సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షా కేంద్రం ఉందా అన్న మూడు విషయాలూ తాజా నోటిఫికేషన్‌లో చూశాకే ఫీజు కట్టండి. దూరవిద్యలో డిగ్రీ, పీజీ స్థాయి కోర్సులకు 2024 నుంచి డెబ్ ఐడీ తప్పనిసరి చేశారు. దాన్ని యూజీసీ పోర్టల్‌లో మీ ఏబీసీ ఐడీ ద్వారా తీసుకోవాలి. ఏజెంట్ ఎవరైనా 'అవేమీ అక్కర్లేదు, మేం చూసుకుంటాం' అంటే అనుమానించండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండింటికీ వస్తుందా?

రాదు. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సుకే వర్తిస్తుంది. దూరవిద్య, కరస్పాండెన్స్ కోర్సులకు వర్తించదు. 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన కూడా ఉంది.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. ఖర్చు ఎక్కువగా ఉన్న కోర్సు, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ వచ్చే కోర్సు రెగ్యులర్‌లో ఉండాలి. తక్కువ ఫీజుది దూరవిద్యలో ఉండాలి. దూరవిద్య ప్రాక్టికల్స్ కోసం, కచేరీల కోసం వెళ్లే రోజులు డిగ్రీ హాజరును 75 శాతం కంటే కిందకు లాగకుండా చూసుకోవాలి. అది తగ్గితే ఒక్క సెమిస్టర్ పరీక్షే కాదు, ఫీజు సాయం కూడా ప్రమాదంలో పడుతుంది.

మామిడి ప్రాంతంలో ఇంకో లెక్క కూడా ఉంది. తోట మీద వచ్చే డబ్బు ప్రధానంగా ఏప్రిల్ నుంచి జూన్ మధ్యే చేతికొస్తుంది. డిగ్రీ ప్రవేశాలూ కాస్త అటూఇటుగా అప్పుడే మొదలవుతాయి. నున్న మార్కెట్‌లో ధర పలికిన ఏడాది రెండు కోర్సుల ఫీజూ తేలిగ్గానే అనిపిస్తుంది. రెండో సెమిస్టర్ ఫీజు, హాస్టల్ బకాయి, పరీక్ష ఫీజు వచ్చేది మాత్రం చలికాలంలో, తోట ఇంకా పూత మీద ఉన్నప్పుడు. అందుకే మొదటి ఫీజు ఒక్కటే చూసి నిర్ణయించుకోకండి. రెండు కోర్సులకూ ఏడాది మొత్తానికి ఏ నెలలో ఎంత కట్టాలో ఒక కాగితం మీద రాసుకోండి.

ఉద్యోగానికి ఏది లెక్కలోకి వస్తుంది?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పేరులో 'సంగీతం' ఉన్న ప్రతి సర్టిఫికెట్‌కూ ఒకే విలువ ఉండదు.

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు ఇంటర్‌లో 50 శాతం మార్కులతో పాటు సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అడుగుతారు. ఆరు నెలల సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. డిప్లొమా ఉన్నవారు అది 'సమానమైన అర్హత' కిందకు వస్తుందని నిరూపించుకోవాలి. కాబట్టి చేరేముందే 'దీనికి ఏ డిగ్రీతో సమానత ఉంది? ఏ ఉత్తర్వు ప్రకారం?' అని లిఖితపూర్వకంగా అడగండి.

రచన వైపు చూస్తే, సృజనాత్మక రచన డిప్లొమాతో నేరుగా వచ్చే ప్రభుత్వ ఉద్యోగం లేదు. తెలుగు టీచర్ కావాలంటే తెలుగుతో డిగ్రీ, బీఈడీ కావాలి. లెక్చరర్ కావాలంటే ఎంఏ తెలుగు కావాలి. డిప్లొమా మీకిచ్చేది రాసే అలవాటు, దిద్దేవాళ్లు, తోటి రాతగాళ్లు. సినిమా, టీవీ, ప్రకటనల రంగంలో అడిగేది సర్టిఫికెట్ కాదు, మీరు రాసిన పేజీలు.

'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక మీదకు వెళ్లింది ఇద్దరు. సంగీత దర్శకుడు కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ అవార్డే బాణీకీ మాటకూ కలిపి ఇచ్చేది. చంద్రబోస్ చదివింది ఇంజినీరింగ్. అంటే పట్టా లేకపోయినా పాట రాయొచ్చు. కానీ పట్టా అడిగే ఉద్యోగానికి పాట ఒక్కటే చూపిస్తే సరిపోదు. మీ లక్ష్యం ఈ రెండింటిలో ఏది అన్నదాన్ని బట్టి ఏ కోర్సు డిగ్రీగా ఉండాలో తేల్చుకోండి.

రాసి, బాణీ కట్టినవారికి హక్కులు రెండు

రెండూ నేర్చుకోవడం వల్ల ఒక లాభం ఉంది. దాని గురించి చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం ప్రకారం పాట మాటలు 'సాహిత్య రచన', బాణీ 'సంగీత రచన'. చట్టంలో సంగీత రచన నిర్వచనమే పాడే మాటలను పక్కన పెడుతుంది. అంటే ఒకే పాటలో రెండు వేర్వేరు ఆస్తులు ఉన్నాయి. రెండూ మీవే అయితే రెండు హక్కులూ మీవే. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఈ హక్కు ఉంటుంది.

2012 సవరణ తర్వాత రచయితలు, స్వరకర్తలు థియేటర్ ప్రదర్శన కాకుండా మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో తమ వాటాను నిర్మాతకు వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లదు. మీ పాట యూట్యూబ్‌లోనో జానపద ఆల్బమ్‌లోనో వస్తోందంటే, ఒప్పందంలో మాటలకూ బాణీకీ మీ పేరు విడివిడిగా రాయించుకోండి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు. చేయించుకోవాలంటే ఒక్కో రచనకు రుసుము రూ.500.

ప్రభుత్వం చేయగలిగింది ఏమిటి?

రెండు కోర్సుల వెసులుబాటు కాగితం మీద అందరికీ సమానమే. ఆచరణలో అది సంగీత కళాశాలకు నడిచి వెళ్లగలిగేవారికే ఎక్కువ ఉపయోగపడుతోంది. కొత్త విశ్వవిద్యాలయం పెట్టకుండానే దీన్ని మార్చొచ్చు. సంగీత కళాశాలలో ఏడాదంతా చదివిన విద్యార్థికి ఆ చదువును డిగ్రీ మైనర్ క్రెడిట్లుగా లెక్కగట్టేలా ఉన్నత విద్యాశాఖ, సాంస్కృతిక శాఖ ఒప్పందం చేసుకుంటే చాలు. వారాంతపు తరగతులు పెడితే విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు విద్యార్థులు వారానికి ఒక్కసారి బస్సెక్కితే సరిపోతుంది. పాట, కథ రెండూ కలిపి నేర్పడం మనకు కొత్తేం కాదు. కపిలేశ్వరపురంలోని సర్వరాయ హరికథా పాఠశాల హరికథ నేర్పుతూ ఈ పనే చేస్తోంది.

అది జరిగే వరకు నిర్ణయం మీ ఇంట్లోనే జరగాలి. చేరేముందు ఈ ఆరూ సరిచూసుకోండి:

1. రెండు కోర్సులకు మీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందా? లిఖితపూర్వకంగా తీసుకోండి.
2. రెండు టైమ్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టి చూశారా? ప్రయాణ సమయం కూడా కలపండి.
3. ఒరిజినల్ టీసీ ఎక్కడ ఉంటుంది? రెండోచోట కస్టోడియన్ సర్టిఫికెట్ చెల్లుతుందా?
4. రీయింబర్స్‌మెంట్ వచ్చే కోర్సు ఏది? ఏ నెలలో ఎంత కట్టాలి?
5. దూరవిద్య సంస్థకు ఈ ఏడాదికి గుర్తింపు ఉందా? సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుంది?
6. మీరు కోరుకునే ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఆ కోర్సు పేరు ఉందా?

ఆరింటిలో ఏ రెండింటికి సమాధానం దొరక్కపోయినా ఈ ఏడాదికి ఒక్క డిగ్రీలోనే చేరండి. రెండోది వచ్చే ఏడాది మొదలుపెట్టినా నష్టం లేదు. హాజరు లేక, ఫీజు కట్టలేక రెండూ మధ్యలో ఆగిపోతేనే అసలు నష్టం.